అయస్కాంతానికి లొంగని శిలువ

జర్మనీలోని హోల్స్‌బాఖ్ పట్టణ సైనిక పతకాల పరిశోధక సంఘంలో నిజానిజాలు తేల్చేది అయస్కాంతం. యుద్ధంలో వీరత్వానికి ఇచ్చే అసలు ఇనుప శిలువ పతకానికి నడుమ ఇనుము ఉంటుంది కాబట్టి అంటుకుంటుంది. దాన్ని వేలాడదీసే రింగు మీది ముద్రను బట్టి చేసినవాడెవడో, ఏ కాలంవాడో తెలుస్తుంది. ఇంత తేలిక పనికి సంఘంలో ఆరు ఉపసంఘాలు ఉన్నాయి.

నకిలీ పతకం తెచ్చినవారి సభ్యత్వం రద్దు, సంఘం కూడే బీరుశాల గోడ మీది వాళ్ల ఫొటో కూడా దించాలి అన్నది ఏడో నిబంధన. దాన్ని రాసిన మహానుభావుడు అధ్యక్షుడు ఎబర్‌హార్ట్ క్నోప్. ఇప్పటికి పదకొండు ఫొటోలు దింపించాడు. అందులో సొంత బావమరిదిదీ ఉంది. ఆ మేకుకే ఇప్పుడు తన టోపీ తగిలిస్తాడు.

సంఘానికి యాభయ్యేళ్లు నిండిన రోజున, ఎబర్‌హార్ట్ తన తాత మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్దున్ దగ్గర సంపాదించిన శిలువను గాజుపెట్టెలో పెట్టడానికి తెచ్చాడు. ఇన్నేళ్లూ ఇంట్లో సోఫా పైన గోడకు వేలాడిన దాన్ని ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు.

“మిత్రులారా! ఇనుము అబద్ధమాడదు. మా తాత గుండెదీ, ఈ శిలువదీ ఒకే లోహం!” అన్నాడు. సభ్యులు మెచ్చుకోలుగా బల్లలు దబదబా బాదారు.

కార్యదర్శి గుడ్రున్ అయస్కాంతం ఆనించింది. శిలువ ఉలకలేదు, పలకలేదు. తిప్పి ఆనించింది. ఈసారి పక్కనున్న కాఫీ చెంచా ఎగిరొచ్చి అంటుకుంది.

ఎబర్‌హార్ట్ గోడ మీది తన ఫొటో వంక చూశాడు. భూతద్దంలో చూస్తే రింగు మీద చిన్న గంట బొమ్మ. మూడొందల మంది తయారీదారుల జాబితాలో అలాంటి ముద్రే లేదు.

ఆల్‌బుఖరా పళ్ల కేకు కోసం వచ్చిన అతని మేనత్త ఒట్టీలీకి తొంభై ఒక్కేళ్లు. వంగి చూసి పకపకా నవ్వింది.

“ఒరేయ్ ఎబర్‌హార్ట్! ఇది ఫీష్‌బాఖ్ వాళ్ల కార్నివాల్ పండగ వేషాల కొట్టుదిరా. నా చిన్నప్పటి రాణీ వేషం కిరీటం మీదా ఇదే గంట. మా నాన్న, అదే మీ తాత, దీన్ని పెట్టుకునే జనరల్ వేషం కట్టి మొదటి బహుమతి కొట్టాడుగా!”

“అత్తయ్యా, కాస్త మెల్లగా!”

“మెల్లగా ఎందుకురా, మంచి సంగతేగా? యుద్ధం జరిగిన నాలుగేళ్లూ సైన్యానికి రొట్టెలు కాల్చాడు. ఒక్క ప్రాణం తీయలేదు. అందుకే తిరిగొచ్చాడు, నువ్వు పుట్టావు. ఆ కేకు ఇటు జరుపు.”

తాత దొంగ అయితే సర్దుకోవచ్చు, తాగుబోతైతే ముచ్చటగా చెప్పుకోవచ్చు. ఒక్కణ్ణీ చంపలేదంటే పెద్దమనుషులు ఎలా తలెత్తుకుంటారు?

అప్పటికప్పుడు సర్వసభ్య సమావేశం జరిగింది. అయస్కాంతం మీద తయారీదారు ముద్ర లేదనీ, ఏ కాలం నాటిదో ఆధారం లేదనీ గుడ్రున్ కనిపెట్టింది. తన పుట్టుపూర్వోత్తరాలే తెలియనిది ఇతరుల వయసు తేల్చడం చట్టవిరుద్ధమని తీర్మానించారు. చేతులెత్తి లెక్కపెడితే ఇరవై మూడు, వ్యతిరేకంగా సున్నా. ఏడో నిబంధన కింద అయస్కాంతాన్ని బహిష్కరించారు. మరి అది వెళ్లగొట్టిన పదకొండు మంది మాటేమిటని ఎవరో అడిగితే, అందుకోసం ఏడో ఉపసంఘం వేశారు.

శిలువకు ధ్రువపత్రం ఇచ్చారు. కాలం: 1916, మెజారిటీ ప్రకారం. తయారీదారు: పేరు చెప్పుకోని దేశభక్తుడు. ఒట్టీలీ మాటలను మినిట్స్‌లోంచి కొట్టేశారు. గాజుపెట్టెలో పెట్టమని ఆమె తెచ్చిన, తాతగారు రొట్టెలు కాల్చిన తెడ్డును, సందర్శకులకు వీలుగా, తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టారు.

ఎవరినీ చంపలేదన్న మచ్చ క్నోప్ వంశానికి ఆ విధంగా తొలగిపోయింది.