పది వేళ్ల దండయాత్ర

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు తప్పుతాయి, రాత నత్తనడక. చదువు రాని రోజుల్లో పురాణాలు చెవులారా విన్నదాన్ని కాబట్టి కలం పడితే ఆ ధోరణే వచ్చేస్తుంది. ఇందులో వీరనారి నేనే. నన్ను నేనే పొగుడుకుంటే బాగుండదని, ఇరుగుపొరుగు పిలిచినట్టు 'మేడమీది మామ్మ' అని రాస్తున్నాను.

శీతలయంత్రఘోషపూరితమై, ప్లాస్టిక్ కుర్చీల బారులతో విరాజిల్లునదై, ఎంతటి గర్వోన్నతుడైనా చేతిలో చీటీ పట్టుకుని మెడ సాచి గోడమీది అంకెలకేసి చూడక తప్పని వీసా కార్యాలయమను ఘోరరణరంగమున, ఒకానొక సోమవారమున, సహస్రకిరణుడు గాజుతలుపుల మీదుగా ఎగబాకుచున్న వేళ, తడి తువాలులో రెండు చేతులూ చుట్టుకొన్న మేడమీది మామ్మ, తన వదినగారు వెంటరాగా ప్రవేశించెను.

తడి తువాలెందుకంటారా? చెబుతాను.

మామ్మ భర్త ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, భార్యనీ, తన అక్కగారినీ (అంటే మామ్మకి వదిన) వెంటబెట్టుకుని ఈ పరదేశంలో స్థిరపడ్డాడు. రిటైరైన వాళ్లు ఏటేటా వీసా పొడిగించుకోవాలి. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన దరఖాస్తు నీడలోనే మామ్మ పనీ జరిగిపోయింది. ఆయన పోయాక ఇదే మొదటి ఒంటరి పోరు. పోయిన వారం వచ్చినప్పుడు వేలిముద్రల యంత్రం ఆమెను మనిషిగానే గుర్తించలేదు. ఏళ్ల తరబడి గిన్నెలు తోమీ తోమీ వేలిగీతలు అరిగిపోయాయి. గడువు ఇవాళ్టితో సరి. ఇవాళ ముద్ర పడకపోతే మామ్మ దేశం విడిచి పోవాలి. వదినగారి వీసా వేరే, దానికి ఢోకా లేదు, ఆమె కళ్ల వైద్యం వదిలి కదలడానికీ లేదు. మరి ఆమె కంట్లో పూటపూటా మందుచుక్కలు వేసేదెవరు? మామ్మకి అక్షరాలు దిద్దించింది ఆ వదినే. కాఫీలో పంచదార ఎక్కువైందని రోజూ తగువాడేదీ ఆవిడే.

ఆ వదినే తెల్లవారుజామునుంచి మామ్మ చేతులు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ముంచి కూర్చోబెట్టింది.

"తియ్యకే! నానితే గీతలు పైకి తేలతాయి."

"వదినా, ఇవి వేళ్లా, శనగలా?"

"నోరు మూసుకుని నానబెట్టు. నేను చెప్పింది ఎప్పుడైనా తప్పిందా?"

తప్పిన సందర్భాలు మామ్మకి చాలానే గుర్తున్నాయి గానీ, యుద్ధానికి ముందు సొంత సైన్యంతో కలహమెందుకని, తడి ఆరకుండా వదిన చుట్టిన తువాలుతోనే బయల్దేరింది.

వంతు వచ్చెను. ఎదుట శత్రువు! అరచేతంత నల్లని కాయము, ఆకుపచ్చని ఏకనేత్రము, దయాదాక్షిణ్యరహితమగు హృదయము. కళ్లద్దాల కౌంటరమ్మాయి ఆ దేశపు భాషలో ఆజ్ఞాపించగా (మన మాటల్లోనే రాస్తున్నాను) సర్వసేనాధిపతియగు కుడి బొటనవేలు ముందుకురికెను. యంత్రము కీచుమని అరిచి, ఎర్రబడి, దానిని తిరస్కరించెను.

"మేడమ్, వేళ్లన్నీ ముడతలు పడ్డాయేంటి? నీళ్లలో ఉంచారా?"

మామ్మ వదినకేసి చూసింది. వదిన సీలింగుకేసి చూసింది.

"అయ్యో, పూర్తిగా ఆరాలండీ. పన్నెండింటికి కౌంటరు మూసేస్తాం. ఈలోగా రండి. పది వేళ్లలో ఒక్కటి పడినా చాలు. ఒక్కటీ పడకపోతే మాత్రం నా చేతుల్లో ఏం లేదు."

అంతట మామ్మ రోషారుణలోచనయై, తెలుగులోనే, హాలంతా దద్దరిల్లునట్లు పలికెను: "ఓరీ యంత్రాధమా! ఈ వేళ్లు కాచిన పాలెన్ని, కలిపిన ముద్దలెన్ని, తుడిచిన కన్నీళ్లెన్ని! నువ్వెరుగనంత మాత్రాన నేను లేనిదాన్నవుతానా? నిలు, నిలు! తడి ఆరినాక వచ్చి నీ మదమణచెద!"

"ఏమంటున్నారు?" కౌంటరమ్మాయి కంగారుపడింది.

"దేవుడికి దణ్ణం పెట్టుకుంటోందిలే," అని వదిన మామ్మని పక్కకి లాక్కుపోయింది.

స్త్రీల బాత్‌రూములో గోడకి చేతులారబెట్టే వేడిగాలి యంత్రముంది. వాయవ్యాస్త్రము సిద్ధము! కానీ చెయ్యి ఇటు జరిగితే అస్త్రము ఆగును, అటు జరిగితే మరల రోదించును.

"కదలకే!"

"కదలట్లేదు, అదే ఆగిపోతోంది. మీ వైద్యం నా కొంప ముంచింది వదినా."

వదిన మామ్మ మణికట్టు పట్టుకుని గాలికింద అటూ ఇటూ తిప్పింది. కాసేపటికి, "నువ్వెళ్తే నేనూ వచ్చేస్తా," అంది.

"మీ కళ్ల డాక్టరు ఇక్కడే కదా?"

"గుడ్డిదాన్నయ్యే వస్తా. ఇంక వాగకుండా వేళ్లు చాపు."

మామ్మ చాపింది. వేడిగాలికేమో, ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పన్నెండు కావస్తుండగా ద్వితీయ సంగ్రామము ప్రారంభమయ్యెను. కుడిచేతి వీరులు వరుసగా ఐదుగురూ నేలకొరిగిరి. ఎడమ బొటనవేలు కూలెను. చూపుడువేలు చతికిలబడెను. మధ్యవేలు, ఉంగరపువేలు శత్రువు కంటనే పడలేదు. వెనక వరుసలో ఒక పెద్దమనిషి వాచీ చూసుకున్నాడు.

మిగిలినది ఎడమ చిటికెన వేలు. అది వేలు కాదు, వంశానికే తలవంపు. జన్మలో గిన్నె తోమి ఎరుగదు. తక్కిన తొమ్మిదీ బూడిదలో చస్తుంటే పక్కకి చాచుకుని షోకుగా నిలబడేది. పని తగలని కారణాన దాని గీతలు పుట్టిన్నాటివి పుట్టినట్టే ఉన్నాయి.

"పెట్టవే దాన్ని కూడా," అంది వదిన నీరసంగా.

పెట్టింది. యంత్రము మౌనము వహించెను. ఆలోచించెను. పచ్చగా నవ్వెను.

జయము! జయము! దిక్కులు పిక్కటిల్లునట్లు ముద్ర ధనామని పాస్‌పోర్టు మీద పడెను! సంవత్సర పర్యంతము పరదేశనివాసము సిద్ధించెను!

"వచ్చే ఏడాది కూడా ఈ వేలే తీసుకురండి మేడమ్," అంది కౌంటరమ్మాయి.

"చూశావా," బయటికొస్తూ వదిన, "అంతా నేను నానబెట్టిన మహిమే."

మామ్మ కాదనలేదు. ఆ రోజునుంచి ఆ సోమరి వేలికి ఇంట్లో రాజమర్యాదలు. గిన్నెలు వదినే తోముతోంది. "నువ్వు తోమితే పొరపాటున అది కూడా తగుల్తుంది," అంటోంది.

ఇట్లు,
మేడమీది మామ్మ, వయసు డెబ్బై,
ఇస్త్రీ షాపు పైన రెండో అంతస్తు, వదినగారి మంచం పక్క మంచం,
ఇంకో ఏడాది దాకా.