బాలింతల బిల్లు, దానికి మొదటి ముద్దాయి

నా బిల్లు పాసవకపోవడం మన రాష్ట్రం చేసుకున్న అదృష్టం! నవ్వకండి. ఆరేళ్ళుగా శాసనసభలో దాన్ని పెడుతున్నది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

బిల్లు చిన్నదే. గర్భిణిగానీ బాలింతగానీ ‘నాకేదో తేడాగా ఉంది’ అంటే గంటలోపు డాక్టరు వచ్చి చూడాలి. ఆమె ఏం చెప్పిందో, ఎప్పుడు చూశారో రాసిపెట్టాలి. ఈ అమెరికాలో కాన్పుల్లో మన నల్లవాళ్ళ తల్లులు తెల్లవాళ్ళకి దాదాపు మూడింతలు చనిపోతున్నారని కదా ఇదంతా! కమిటీ మాత్రం ఏటా ‘ఇంకొంచెం అధ్యయనం చేద్దాం’ అంటుంది. ఎంత మేలు! నా ఉపన్యాసం ఏటికేడు పదునెక్కింది. చర్చిలో పాస్టరుగారు నన్ను ‘తల్లుల పక్షాన నిలిచిన సోదరుడు’ అని ముందు వరుసలో కూర్చోబెడతారు. బిల్లు పాసైతే నన్నెవరు పట్టించుకుంటారు?

మార్చిలో ఏడోసారి ఉపన్యాసం సాధన చేస్తుండగా మా అమ్మాయి రెనీషా ఫోన్ చేసింది. కాన్పై అప్పటికి ఎనిమిది రోజులు.

“నాన్నా, తల పగిలిపోతోంది. కళ్ళముందు మెరుపుల్లా వస్తున్నాయి.”

“నిద్ర చాలకమ్మా. కాసేపు పడుకో, అదే తగ్గుతుంది,” అన్నాను.

ఫోన్ పెట్టేసి మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాను. ‘తల్లి మాట వినండి’ అన్నచోట గొంతు పెంచాలా, తగ్గించాలా అన్నది తేలలేదు.

అమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. మా ఆవిడ వర్నెట్ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు కూడా అచ్చం నేనన్న మాటే అందట. వీళ్ళ తరవాత అదే తలనొప్పితో వచ్చిన తెల్లమ్మాయిని మాత్రం నేరుగా లోపలికి పంపారట. వర్నెట్ కౌంటరు ముందు నిలబడి, బీపీ చూస్తేగానీ కదలనంది. చూశారు. నూట తొంభై. అప్పుడు అందరూ పరుగెత్తారు. ఇంకో గంట ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని డాక్టరు చెప్పాడు.

ఐదో రోజుకి అమ్మాయి లేచి కూర్చుంది. నేను పూలు పట్టుకెళ్ళాను.

“నర్సుని దారిలో పెట్టడానికి నీ బిల్లుంది. నిన్ను పెట్టడానికేముందయ్యా?” అంది వర్నెట్, పూలు అందుకుంటూ.

కమిటీ ముందు రెనీషా సాక్ష్యం చెప్పింది. తన మాట వినని వాళ్ళెవరో చెప్పగలరా అని ఒక సభ్యుడు మర్యాదగా అడిగాడు.

“మొదట మా నాన్నండి,” అంది. “ఆయనకి నేనంటే ప్రాణం. ఆయనే వినలేదు. నేనెవరో తెలీనివాళ్ళు చట్టం లేకుండా వింటారా?”

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాగితాలు సర్దుకున్నాను. ఆరేళ్ళలో ఆ బిల్లు గురించి అంత బాగా ఎవరూ చెప్పలేదు, నాతో సహా. అయినా కమిటీ ఇంకో ఏడాది గడువు తీసుకుంది.

కిందటివారం అమ్మాయి చంకలో పసిదానితో ఇంటికొచ్చింది. నా సీటుకే పోటీ చేస్తుందట. నామినేషనుకి సంతకాలు కావాలట. మొదటిది వాళ్ళమ్మ పెట్టింది. తరవాత అమ్మాయి కలం నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

పెట్టాను. మహాజనులారా, మీ ఓటు కూడా దానికే వెయ్యండి.