అన్వర్ పేరు ముందు 39

ఆ ఉదయం అన్వర్ పెట్టుకున్న పనులు రెండే. మిఠాయి దుకాణం వెబ్ పేజీ తెరవడం, సాయంత్రం తన నిశ్చితార్థానికి క్షవరం చేయించుకోవడం. మా స్ఫాక్స్ ఊళ్ళో కొడుకు పేరు మీద దుకాణం పెట్టిన తండ్రులు చాలామందే ఉన్నారు గాని, ఆ సంగతి పూటపూటా గుర్తుచేసేవాడు అన్వర్ తండ్రి మోంజీ ఒక్కడే.

దుకాణం పేరు ఫ్రెంచిలో d'Anouar, అంటే అన్వర్‌ది. అందులో d పక్కనున్న పైకామాను పేజీలో ' అనే సంకేతంగా రాస్తే, బ్రౌజరు దాన్ని విప్పి కామాగా చూపిస్తుంది. మన అతి జాగ్రత్తపరుడు అన్వర్ ఆ సంకేతాన్ని కూడా సంకేతంగా మార్చేశాడు. ఊరంతా చూసింది d'Anouar.

మావాళ్ళకు ఫోన్లలో అరబ్బీని అంకెలు కలిపి రాయడం అలవాటు. 3 అంటే ఐన్ అనే అక్షరం, 9 అంటే కాఫ్ అనే అక్షరం. రెండూ కలిస్తే 'ఆక్', కన్నవాళ్ళను ధిక్కరించిన కొడుకు. మాకు అంతకన్నా పెద్ద తిట్టు లేదు.

మొదటి ఫోను మోంజీ అక్క దలెండాది. "ఏమన్నాడురా తమ్ముడూ వాడు నిన్ను? నిశ్చితార్థం నాడే ఊరికి చాటాలా?"

మోంజీ పేజీ చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "నా పరువు తీయడానికి ఈవేళే దొరికిందట్రా?"

"అది తిట్టు కాదు నాన్నా, కామా!"

"కామాకు అంకెలెందుకురా, దరిద్రుడా?"

అన్వర్ కంగారులో సంకేతాన్ని విప్పబోయి మరోసారి చుట్టాడు. ఈసారి &#39; కనిపించింది. దలెండా మళ్ళీ ఫోన్ చేసింది. "చాలదన్నట్టు తిట్టుకు ముందు ఇంకేదో తగిలించారేమిట్రా?"

మధ్యాహ్నం పెళ్ళికూతురు యుస్ర్ తండ్రి మహ్రెజ్ వచ్చాడు. కాఫీ ఇస్తే ముట్టలేదు. కాఫీ ముట్టలేదంటే సంబంధం తేలలేదన్నమాటే.

"తండ్రే ఆక్ అని రాయించాక, పిల్లనెలా ఇమ్మంటారు మోంజీ గారూ?"

పొద్దుటినుంచి కొడుకును తిడుతున్న మోంజీ ఇప్పుడు వియ్యంకుడి మీదికి లేచాడు. "ఎవడయ్యా ఆక్? పుట్టినప్పటినుంచి నా ముందు గొంతెత్తి ఎరగడు వాడు!"

ఈలోగా అన్వర్ పేజీ సరిచేశాడు. "నాన్నా, చూడు..."

"నువ్వుండు! గొంతెత్తి ఎరగడండీ!"

"నాన్నా..."

"ఉండమన్నానా? ఒక్కసారంటే ఒక్కసారి కూడా..."

"నోరు మూసుకుని చూడు నాన్నా!"

అన్వర్ ఫోను ముందుకు చాపాడు. ఫోనులో d'Anouar ముచ్చటగా, ఏ తప్పూ లేకుండా ఉంది. మహ్రెజ్ నిండు కప్పును పక్కకు జరిపి, లేచి వెళ్ళిపోయాడు.

మోంజీ కొడుకు వైపు తిరిగాడు.

"ఆ 39 మళ్ళీ పెట్టెయ్యి."