పులి చెప్పిన జవాబులు

ఆ ఉదయం గోల్‌కీపర్ వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. లెక్కల పరీక్ష రాయాలి, ఎవరినీ ఏమీ అడక్కుండా మైదానానికి పోవాలి, మర్నాటి ఫుట్‌బాల్ ఫైనల్‌కు సాధన చెయ్యాలి. బడిలో అందరూ ఆమెను గోడ అంటారు, ఆమెను దాటి బంతి పోవడం అరుదు గనక. లెక్కలు మాత్రం ఏ అడ్డూ లేకుండా దాటిపోయేవి. ఈసారి లెక్కల్లో తప్పినవాళ్లు ఫైనల్ ఆడకూడదని హెడ్మిస్ట్రెస్ తేల్చి చెప్పడంతో, పాపం నెలంతా అమ్మ పక్కన కూర్చుని కుస్తీ పట్టింది.

"రాశాక ఎవరితోనూ జవాబులు పోల్చుకోకు. ఉన్న మతి పోతుంది," అని అమ్మ గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

పరీక్ష బ్రహ్మాండంగా రాసింది. అదే కొంప ముంచింది. బాగా రాసినవాళ్ల నోరు ఊరుకోదు. ప్రశ్నపత్రాలు కూడా జవాబులతో పాటే మాస్టారు లాగేసుకున్నారు కాబట్టి, తేల్చుకోవాలంటే మనిషినే అడగాలి. మెట్ల మీద పులి కనబడింది. పులి అంటే క్లాసు ఫస్టు. ఆమె లెక్క తప్పగా కళ్లారా చూసినవాళ్లు లేరు.

"మొదటి లెక్క ఎంతొచ్చిందే?"

"పద్దెనిమిది."

గోడకు ఇరవై నాలుగు వచ్చింది. "ట్యాంకు నిండే లెక్క?"

"ఆరు గంటలు. నీకెంత?"

"ఎనిమిది."

"పోనీలే, స్టెప్పులకైనా మార్కులేస్తారు," అంది పులి జాలిగా. ఆ జాలి చూశాక గోడకు మిగిలిన ఆశ కూడా అడుగంటింది.

వెనక నుంచి కెవ్వుమని కేక. నీడ! బెంచీ మీద గోడ పక్కన కూర్చునేది, జట్టులో రిజర్వు గోల్‌కీపరూ ఆమే. పరీక్షలో ప్రశ్నలు చదివే అలవాటు లేదు, పక్క కాగితం చదువుతుంది. "నాకూ ఎనిమిదే వచ్చిందే! అయిపోయాం!" అని గోడ మెడ కౌగిలించుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు జనం మూగారు. జవాబు చెప్పుకోవడం, పులితో కలిసినవాళ్లు ఊపిరి పీల్చుకోవడం, కలవనివాళ్లు మెట్ల మీద కూలబడటం. చూస్తుండగానే సగం క్లాసు ఏడుస్తోంది.

నలుగురిలో పేరు కొట్టించుకోవడం కన్నా తనే తప్పుకోవడం మేలనుకుంది గోడ. మైదానంలో ఆటల మేడమ్ చేతిలో గ్లవ్స్ పెట్టేసింది.

"నేను తప్పాను మేడమ్."

"ఇంకా దిద్దందే ఎవరన్నారే?"

"పులికి పద్దెనిమిది వచ్చింది మేడమ్."

పులిని అనుమానించే ధైర్యం మేడమ్‌కూ లేదు. "నీడా, నువ్వు తొడుక్కో."

"నావీ దాని జవాబులే మేడమ్."

"ఎన్ని?"

"అన్నీ."

మేడమ్ తల పట్టుకుంది. జట్టుకు ఇప్పుడు గోల్‌కీపరే లేదు. కచ్చితంగా పాసయ్యే మనిషి కావాలి. అందరి చూపులూ ఒక్కచోటే ఆగాయి. పులి గ్లవ్స్ తిరగేసి తొడుక్కుని, "బంతి వస్తే పట్టుకోవాలా, తప్పుకోవాలా?" అని అడిగింది. మొదటి బంతి ఏ కోణంలో వస్తుందో ఆలోచిస్తుండగానే అది వచ్చి ముక్కుకు తగిలింది. గట్టు మీద కూర్చున్న గోడకు ఏడుపు ఆగలేదు. తన ఫైనల్, తన గ్లవ్స్, ఆ చేతులకా!

అంతలో లెక్కల మాస్టారు జవాబుల కట్ట చంకన పెట్టుకుని వచ్చి, నిర్ఘాంతపోయి నిలబడ్డారు. "రేపు ఫైనల్ పెట్టుకుని ఆ పిల్లని నిలబెట్టారేంటండీ?"

"గోడ తప్పింది కదండీ!"

"ఎవరు చెప్పారు? ఇప్పుడే దిద్దాను. ఎనభై తొమ్మిది."

మైదానమంతా నోరు తెరిచింది. పులి నోరు అందరికన్నా పెద్దగా తెరుచుకుంది. "మరి నా పద్దెనిమిది, సార్?"

"నీదీ రైటే. ఈసారి పక్కపక్క వాళ్లకి వేరే వేరే పేపర్లిచ్చాను. లెక్కలవే, అంకెలే మార్చాను. పోయినసారి ఒక బెంచీ మీద ఇద్దరూ ఒకే తప్పు ఒకే చోట చేశారులే."

గోడ ఒక్క గెంతున వచ్చి గ్లవ్స్ లాక్కుంది. నీడ ఇంకా పైకి ఎగిరింది. "సార్, నావీ అవే జవాబులు! ఒక్కటీ తేడా లేదు!"

"చూశానమ్మా. అన్నీ కరెక్టే, పక్క పేపర్‌కి."

మర్నాడు ఫైనల్లో గోడ ఒక్క బంతినీ లోపలికి పోనివ్వలేదు. రిజర్వు గోల్‌కీపర్ కుర్చీలో, ముక్కుకు పట్టీతో, పులి కూర్చుంది.