గోడ మీద నవ్వు

సైకిళ్ళ మేస్త్రి ఆ ఉదయం అనుకున్న పని ఒక్కటే: గోడ మీద గుడ్డ తీయగానే, చనిపోయిన భార్య ముఖం ఒకసారి చూసి, తలాడించి, వెంటనే కొట్టు తెరుచుకోవడం.

మిల్లు మూతపడ్డాక ఆ ఊళ్ళో బస్సు ఆగడం మానేసింది. గోడల నిండా బొమ్మలు వేయిస్తే చూడ్డానికైనా జనం దిగుతారని మహిళా సంఘం తీర్మానించింది. అన్నిటికంటే పెద్ద గోడ మేస్త్రిది, సరిగ్గా రోడ్డుకెదురుగా. సగం ఊరికి కుట్టుపని నేర్పిన అతని భార్య బొమ్మే దాని మీద ఉండాలన్నారు. మేస్త్రి దగ్గర ఆవిడ ఫోటో ఒక్కటీ లేదు. సంఘం వాళ్ళే కుట్టు క్లాసులో తీసినదొకటి వెతికి పెయింటరుకిచ్చారు.

గుడ్డ జారింది. గోడంత ముఖం. కళ్ళు చికిలించి, నోరంతా తెరిచి నవ్వుతోంది. పై వరసలో పన్ను మీద పన్ను. చప్పట్లు మొదలయ్యాయి.

"ఆపండి," అన్నాడు మేస్త్రి. "ఎవరీవిడ?"

"మీ ఆవిడే కదండీ," అన్నాడు పెయింటరు.

"మా ఆవిడ ఇలా ఉండదు. ఆ పన్ను అసలే లేదు."

సంఘం అధ్యక్షురాలు నసిగింది. "మాకు అక్కలాగే ఉందన్నయ్యా..."

"ముప్పయ్యేళ్ళు కాపురం చేసింది నేనా, నువ్వా?"

ఆవిడ వెనక్కి తగ్గింది. కుట్టు నేర్చుకున్నవాళ్ళంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కట్టుకున్నవాడే కాదంటుంటే అవుననడానికి తామెవరని ఊరుకున్నారు.

"మరెవరంటావు బాబాయ్?" వెనకనుంచి ఎవరో ఎగదోశారు.

"ఇంత నోరు ఈ ఊళ్ళో ఒక్కరికే ఉంది. పోస్టుమాస్టరు పెళ్ళానికి."

మాట పోస్టాఫీసుకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. పోస్టుమాస్టరు చేతిలో ముద్రతోనే పరుగెత్తుకొచ్చాడు. అతనికంటే ముందు భార్య వచ్చింది.

"ఏమయ్యా, నా భార్య నీ గోడ మీద ఎందుకు నవ్వుతోంది?"

"నన్నడుగుతావేం? ఆవిణ్ణే అడుగు."

"నాకు పన్ను మీద పన్నుందా? చూడు! దగ్గరికొచ్చి చూడు!" నడిరోడ్డు మీద ఆవిడ నోరు తెరుచుకుని నిలబడింది. మేస్త్రి వంగి మరీ చూడాల్సొచ్చింది. లేదు.

అయితే ఎవరికుంది? మొగుళ్ళందరూ పెళ్ళాల వైపు తిరిగారు. ఆడవాళ్ళు పౌరుషానికి నోళ్ళు బిగించారు. బిగించిన కొద్దీ మొగుళ్ళకు అనుమానం పెరిగింది. టీకొట్టతను భార్యను, "ఏదీ, ఒక్కసారి 'ఆ' అను," అన్నాడు. ఆవిడ 'ఆ' అనలేదు, గ్లాసు విసిరింది. అది పెయింటరుకు తగిలింది.

"ఏం చెయ్యమంటారో చెప్పండి మహాప్రభో," అన్నాడతను నుదురు రుద్దుకుంటూ.

"ఆ నోరు మూసెయ్," అన్నాడు మేస్త్రి.

పెయింటరు నిచ్చెనెక్కి నవ్వు మీద తెల్లరంగు కొట్టేశాడు.

రోడ్డుకడ్డంగా జనం ఉండడంతో బస్సు ఆగక తప్పలేదు. పక్క ఊళ్ళో దిగి నడిచి రావాల్సిన మేస్త్రి కూతురు అక్కడే దిగింది. గోడ వంక చూసింది.

"అమ్మ నోరెవరు మూయించారు నాన్నా?"

"అది మీ అమ్మ కాదే. మీ అమ్మకు పన్ను మీద పన్ను లేదు."

కూతురు సంచి కింద పెట్టి, వేలితో పై పెదవి ఎత్తి చూపించింది. పన్ను మీద పన్ను.

"మరి నాకిది ఎవరి పోలిక?"

మేస్త్రి వంగి చూశాడు. కూతురికి ఆ పన్ను ఉందన్న సంగతి కూడా అతనికి అప్పుడే తెలిసింది.

"క్లాసులో అక్క ఇలాగే నవ్వేదన్నయ్యా," అంది అధ్యక్షురాలు, ఇప్పటికి ధైర్యం చేసి. "వీధి చివరిదాకా వినపడేది."

"ఇంట్లో ఎప్పుడూ నవ్వగా చూళ్ళేదే..."

"ఇంట్లో నువ్వుండేవాడివి కదా నాన్నా," అంది కూతురు. కోపంగా కూడా అనలేదు.

ఎవరూ నవ్వలేదు. పోస్టుమాస్టరు తిట్టాల్సినవి మర్చిపోయి ముద్ర జేబులో వేసుకున్నాడు. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి గోడను వదిలేసి మేస్త్రిని చూస్తున్నారు. అతను తలెత్తలేదు. అలాగే వెళ్ళి, నిచ్చెన కాళ్ళు రెండు చేతులా పట్టుకున్నాడు.

"మళ్ళీ వెయ్యి. ఎలా ఉందో అలాగే."

పెయింటరు రెండు మెట్లెక్కి, ఎందుకైనా మంచిదని ఆగాడు. "ఈసారి సరిగ్గా వచ్చిందో లేదో ఎవరికి చూపించమంటారు?"

"నాకు తప్ప ఎవరికైనా."