కవిగారి నివేదిక, ఆడిటరమ్మ పెన్సిలు

గొడుగుల కంపెనీ వార్షిక నివేదికలో చివరి పేరా రాసేసి, మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి పోయి పడుకోవాలన్నది ఆ ఉదయం కవిగారి పథకం. ఆయన నిజంగా కవి కాదు, ఉత్తరాలూ నివేదికలూ రాసే గుమాస్తా. ఆఫీసువాళ్లు వెక్కిరించడానికి పెట్టిన పేరని తెలిసీ లోలోపల మురిసిపోయేవారు.

ఇబ్బందల్లా ఒక్కటే. మొన్నటి వానకి గోదాము కప్పు కారి రెండొందల అట్టపెట్టెలు నానిపోయాయి. గొడుగులు చేసేవాళ్ల కప్పే కారిందని రాస్తే పరువేం కాను? అందుకని "అనూహ్య బాహ్య పరిణామాల ప్రభావంతో కొన్ని నిల్వలు స్వరూప మార్పునకు లోనయ్యాయి" అని రాసి, రెండుసార్లు పైకి చదువుకున్నారు.

లెక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన ఆడిటరమ్మ పెన్సిలు సరిగ్గా అక్కడే ఆగింది. "బాహ్య పరిణామాలేంటండీ? కోర్టు కేసులేమన్నా ఉన్నాయా?"

"అబ్బే, ప్రకృతితో ముడిపడిన సంక్లిష్ట అంశాలండీ."

"ప్రకృతా? అయితే కాలుష్యం సంగతి కూడా చూడాలి," అంటూ ఆమె ఇంకో ఇద్దరిని పిలిపించింది.

ఆడిటర్లకి ఫీజు రోజుల లెక్కన. వాళ్లడిగినదానికల్లా కవిగారు రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఒక్కో జవాబు అర్థం చేసుకోవడానికి వాళ్లకి ఒక్కో రోజు పట్టింది. తొమ్మిదో రోజు మేనేజరు పిలిచాడు.

"ఏమయ్యా, తడిసిన పెట్టెలకన్నా ఆడిట్ ఖర్చు పది రెట్లయింది! సాయంత్రంలోగా తేల్చకపోతే నీ ఉద్యోగం ఊడినట్టే."

కవిగారు పెన్ను జేబులో పెట్టేశారు. తిన్నగా ఆడిటరమ్మ దగ్గరికి వెళ్లి, "కప్పు కారిందమ్మా. పెట్టెలు తడిశాయి. చెప్పుకోడానికి సిగ్గేసింది. నా తెలివి ఇలా తెల్లారింది," అన్నారు.

"ఇంతేనా? మొదటిరోజే చెబితే టీ తాగి వెళ్లిపోయేదాన్ని కదండీ!"

పది నిమిషాల్లో ఆడిట్ అయిపోయింది. మర్నాడు బిల్లు వచ్చింది. అందులో సింహభాగం "ఆనుషంగిక సమన్వయ పరిశీలనా సేవలు" కింద ఉంది. మేనేజరు తల గోక్కుని సంతకం పెట్టబోయాడు.

"ఆగండి సార్!" అని కవిగారు అడ్డం పడ్డారు. "ఇది అచ్చం నా బాపతు రాత. దీని వెనక చెప్పుకోలేనిది ఏదో ఉండి తీరాలి."

అప్పటికప్పుడు ఫోన్ చేసి అడిగారు. ఆడిటరమ్మ గొంతు తగ్గించింది.

"అంటే... మీ జవాబులు బోధపడక మేం ఊరికే కూర్చున్న ఆరు రోజులండీ."

ఆ ఆరు రోజుల ఫీజూ బిల్లులోంచి ఎగిరిపోయింది. కవిగారి ఉద్యోగం నిలిచింది. కాకపోతే రాసే పని తీసేసి, ఎదుటివాళ్లు రాసింది చదివే పని ఇచ్చారు.