అయిదో మాట, ఎనిమిదో నంబరు

పద్మారావు నగర్‌లో కూరగాయల బండి దగ్గర కమలాబాయి చెప్పిందట: "మా ఎదురింటి దేవానందం సార్‌కు ఆక్సిజన్ పెట్టిన్రు. వడియాలు ఎండబెడ్దామని పొద్దుగాల మిద్దెక్కితే కిటికిలకెల్లి నా కండ్లతోటి చూసిన. ముక్కుకు తొడుగు, తొడుగుకు పైపు. పాపం, పెద్ద పరేషాన్ల ఉన్నరు."

ఆ మాట చర్చి పాటల బృందంలో ముందు వరుసలో నిలబడే బ్యూలా టీచర్ చెవిన పడింది. అప్పటికి ఒక్క పైపే. టీచర్ టమాటాలు ఏరుకుని ఇల్లు చేరేసరికి పైపులు రెండయ్యాయి. పాస్టరు జకర్యా గారికి ఫోను చేరేసరికి దేవానందానికి మాట కూడా పడిపోయింది. మంచి కబురు పక్క వీధికి పోవాలంటే ఆటో మాట్లాడుకోవాలి. చెడ్డ కబురుకు చెప్పులు కూడా అక్కర్లేదు.

ఇంతకీ దేవానందానికి వచ్చింది ముక్కుదిబ్బడ.

ఆయన రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఆయన గురకకు పక్కింటి కుక్క లేచి తిరిగి మొరిగేది. గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని డాక్టరు తేల్చి, సీపాప్ మిషను రాశాడు. పడుకునే ముందు ముక్కుకు తగిలించుకుంటే, అది గాలి ఊదుతూ గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు. కానీ దేవానందం దాన్ని దొంగసొమ్ములా దాచాడు.

దానికి కారణం ఆయనే. గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద, మాటకొకరు చొప్పున ఏడుగురు ప్రసంగిస్తారు. ఆ ఏడుగురిలో చోటు కోసం సంఘ పెద్దలు పడే పాట్లు చూస్తే సర్పంచి ఎన్నికలు నయమనిపిస్తాయి. నిరుడు ఒక పెద్దాయన వేదిక మీదే నిద్రపోయి, మైకులోకి గురకపెట్టాడు. అది అందరి ఫోన్లలోకీ ఎక్కింది. అప్పుడు లేచి నిలబడి, "గురక జబ్బున్నవాళ్లకు మాట ఇవ్వకూడదు" అని తీర్మానం చేయించిన మహానుభావుడు దేవానందమే. ఈ సంవత్సరం ఆయనకు అయిదో మాట దొరికింది. దాహం గురించిన మాట. మిషను సంగతి బయటపడితే తన తీర్మానమే తన మెడకు ఉరి. ఆ అయిదో మాట కోసం ఐజాక్ అనే మరో పెద్దమనిషి ఏళ్ల తరబడి కాచుకుని కూర్చున్నాడు.

బుధవారం పొద్దున లేచేసరికి ముక్కు రెండువైపులా బిగుసుకుపోయింది. ఎందుకు బిగుసుకోదు? మిషనుకున్న నీళ్ల డబ్బాను ఆయన ఏనాడూ నింపలేదు. కరెంటు వస్తువులో నీళ్లు పోస్తే షాకు కొడుతుందని ఆయన సొంత పరిశోధన. ఎండుగాలి రాత్రంతా ఊదీ ఊదీ ముక్కును కల్లంలో వడ్లలా ఆరబెట్టింది.

మిషను అమ్మిన కుర్రాడికి ఫోను చేశాడు. "డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోసి తేమ పెంచండి సార్. ఒక్కో నంబరే పెంచుకుంటూ చూడండి. దాంతోపాటు పైపు వేడి సుత జెర..." అని అతను అంటుండగానే పెట్టేశాడు. తనకు కావలసింది వినబడగానే ఫోను పెట్టేయడం ఆయనకు ఉద్యోగం నేర్పిన విద్య.

"మొత్తం వినొచ్చుగా?" అంది భార్య ఎమిలీ.

"విన్నదే చాలు. మధ్యాహ్నం ఓ కునుకు తీస్తే ముక్కు తెరుచుకుంటుంది. సాయంత్రం ప్రసంగం చదువుకుంటా. ఎవరొచ్చినా ఇది గురక మిషనని మాత్రం చెప్పకు."

భోజనం కాగానే తేమను చివరి నంబరుకు, అంటే ఎనిమిదికి ఎక్కించాడు. పైపు వేడి పూర్తిగా ఆపేశాడు. సికింద్రాబాద్ ఎండలో పైపుకు వేరే వేడి ఎందుకని ఆయన తర్కం. ఏసీ పద్దెనిమిదిలో పెట్టి, తొడుగు తగిలించుకుని పడుకున్నాడు.

ఆయన కన్ను అంటుకుంటుండగానే తలుపు చప్పుడైంది. పాస్టరు గారు, బ్యూలా టీచరు, ఐజాక్. చేతుల్లో బైబిళ్లు, సంచీలో బత్తాయిలు, ముఖాల్లో తయారుగా తెచ్చుకున్న దుఃఖం.

"వందనాలమ్మా. లోపల మిషను పెట్టారంట కదా?" అడిగారు పాస్టరు గారు.

"పెట్టారండి," అంది ఎమిలీ.

"డాక్టర్లు ఏమంటున్నారు?"

"ఇక జీవితాంతం ఇంతే అన్నారు."

బ్యూలా టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఐజాక్ నిట్టూర్చాడు గానీ, ఆ నిట్టూర్పులో సగం సంతోషం. ముగ్గురూ గదిలోకి నడిచి మంచం చుట్టూ నిలబడ్డారు.

"బ్రదర్, అయిదో మాట గురించి బెంగపెట్టుకోకండి," అన్నారు పాస్టరు గారు ఆయన చెయ్యి పట్టుకుని. "ఐజాక్ గారికి ఇచ్చేశాం."

దేవానందం "ఎవడిచ్చాడు?" అందామని నోరు తెరిచాడు. ముక్కులోకి వెళ్లిన గాలి నోట్లోంచి ఈల వేస్తూ బయటికి తన్నింది. మాట రాలేదు, "ఫూ" అని వచ్చింది.

"అయ్యో, ఏదో చెప్పాలనుకుంటున్నాడు!" అంది బ్యూలా టీచరు.

"ఆత్మను అప్పగించుకుంటున్నాడు," అన్నాడు ఐజాక్, కళ్లు మూసుకుని ప్రార్థన అందుకుంటూ.

ఐజాక్ ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారి, కూర కూడా చల్లారాలి. ఈలోగా చల్లటి పైపులో ఆవిరి నీళ్లయి, పల్లంలో చేరి గుడగుడమంది. హుక్కా తాగినట్టు వచ్చిన ఆ చప్పుడు విని, ఇదే చివరి ఊపిరి అనుకుని టీచరు ఏడుపుగొంతుతో పాట ఎత్తుకుంది. దేవానందం కంగారుగా లేవబోతే పైపు పైకి లేచింది. అందులో నీళ్లన్నీ ఒక్కసారిగా ముక్కులోకి దిగాయి. ఆయన తొడుగు పీకి పారేసి ఒక్క తుమ్ము తుమ్మాడు. అది సగం ఐజాక్ ముఖాన, సగం పాస్టరు గారి కళ్లద్దాల మీద పడింది.

"లేచాడు! ప్రార్థనకు లేచి కూర్చున్నాడు!" అని కేక పెట్టాడు ఐజాక్, ముఖం తుడుచుకోకుండానే. "శుక్రవారం మీరు సాక్ష్యం చెప్పండి బ్రదర్. మాట నేను చెప్తా."

తన తుమ్ముతో ఐజాక్ పరిశుద్ధుడైపోవడం దేవానందం తట్టుకోలేకపోయాడు. "సాక్ష్యం లేదు, నీ మొహం లేదు! నాకే రోగమూ లేదు. ఇది ఆక్సిజన్ కాదు, గురక మిషను! ఈ దిక్కుమాలిన పైపులోంచి నీళ్లు కారాయి, అంతే!"

"నీళ్లు ఎందుకు కారవు?" అన్నాడు ఐజాక్ వేడిగా. వంగి మిషను తెర చూశాడు. "తేమ ఎనిమిదా? పైపు వేడి ఆపేశారా? ఏసీ గదిలో చల్లటి పైపులో ఆవిరి నీళ్లు కాక నెయ్యి అవుతుందా? ముందు తేమ నాలుగుకు దించండి. పైపు వేడి ఇరవై ఏడు పెట్టండి. అప్పటికీ ముక్కు పొడిబారితే ఒక్కో నంబరే పెంచుకోవాలి. మొదట్లో నేను కూడా..."

అని ఆగిపోయాడు. కానీ వేళ్లు ఆగలేదు. ఏ మీట ఎక్కడుందో వెతుక్కోకుండా నొక్కుతూ పోయాయి.

"నీకెట్ల తెలుసు అన్నా ఇదంతా?" అంది బ్యూలా టీచరు మెల్లగా.

"మా బావమరిదికి ఉంది."

"వదిన ఒక్కతే బిడ్డ కదనే వాళ్లమ్మకు?"

ఐజాక్ బత్తాయిల సంచీ వైపు చూశాడు. దేవానందం ముఖం మాత్రం పెళ్లిపందిరిలా వెలిగిపోయింది. ముక్కు తెరుచుకుందో లేదో ఆయన చూసుకోలేదు, ఎదుటివాడి గుట్టు తెరుచుకుంది, అది చాలు.

"తీర్మానం ప్రకారం ఇతనికి మాట ఇవ్వకూడదు," అన్నాడు.

"మీకు మాత్రం ఇవ్వొచ్చా?" అన్నాడు ఐజాక్.

"నాది కొత్త జబ్బు. నీది పాతది!"

"పాతదే. అందుకే నాకు మిషను వాడటం వచ్చు!"

పాస్టరు గారు కళ్లద్దాలు తుడుచుకుంటూ ఇద్దరి మధ్యకు వచ్చారు. "ఆగండయ్యా. ఎల్లుండే శుక్రవారం. ఇద్దరికీ గురకే అయితే మరి అయిదో మాట ఎవరు చెప్పాలి?"

నేల మీద నీళ్లు తుడుస్తున్న ఎమిలీ తల ఎత్తకుండానే అంది:

"ఎవరు చెప్తే ఏంటి అయ్యగారూ? అయిదో మాట వచ్చేసరికి సంఘమంతా నిద్రలోనే ఉంటుంది, మీతో సహా."